తోమిన రాగి కాణీ

మా అమ్మ 2016లో కన్నుమూసింది. ఆమె ట్రంకు పెట్టె అడుగున, జపమాల పెట్టుకునే డబ్బా పక్కన, ఒక చిన్న గుడ్డ సంచి దొరికింది. అందులో మూడు రాగి నాణేలున్నాయి. మూడూ పావు అణాలే. మన పెద్దలు వాటిని కాణీలనేవారు. నాలుగు కాణీలు ఒక అణా, అరవై నాలుగు కాణీలు ఒక రూపాయి. 1957 ఏప్రిల్ 1న నయాపైసల లెక్క వచ్చాక కాణీకి విలువ పోయింది గాని, మా ఇంట్లో ఆ మూడూ అలాగే ఉండిపోయాయి. ఒకటి 1835 నాటి ఈస్టిండియా కంపెనీ కాణీ. దాని మీద కంపెనీ ముద్ర, దానికి అటూ ఇటూ రెండు సింహాలు. మిగిలిన రెండింటి మీద విక్టోరియా బొమ్మ. 1862 దాని మీద రాణి అనీ, 1889 దాని మీద చక్రవర్తిని అనీ ఇంగ్లీషులో ఉంటుంది.

పిల్లలం ఎవరం కింద పడి నుదుట బొప్పి కట్టించుకున్నా అమ్మ ఆ సంచి తీసేది. సింహాల కాణీని బొప్పి మీద పెట్టి బొటనవేలితో గట్టిగా నొక్కి పట్టుకునేది. రాగి చల్లదనమో, అమ్మ చేతి ఒత్తిడో గాని ఏడుపు ఆగేది. ఎక్కువగా పడుతూ ఉండేది మా అక్క. అందుకని సింహాల కాణీ అక్కదనీ, మిగిలినవి నాదీ తమ్ముడిదీ అనీ అమ్మ ముందే పంచి పెట్టింది. అప్పటికి వాటి రంగు చింతగింజ రంగు. నునుపుగా, ముదురుగా, వెలుగులో పట్టుకుంటే లోపలి నుంచి ఎర్రదనం తొంగి చూసేది.

అమ్మ పోయిన కొన్ని నెలలకు మా మనవడి బడిలో పాత వస్తువుల ప్రదర్శన పెట్టారు. వాడు మాకెవరికీ చెప్పకుండా ఆ మూడు కాణీలనూ తీసుకుని, చింతపండూ ఉప్పూ కలిపి అరగంట సేపు తోమాడు. మెరిసిపోతున్న మూడు బిళ్ళలను అరచేతిలో పెట్టుకుని వచ్చి, “తాతయ్యా, కొత్తవాటిలా చేశాను చూడు” అన్నాడు. లేత గులాబీ రంగులో, చర్మం ఒలిచిన దెబ్బలా ఉన్నాయవి. నాకు నోట మాట రాలేదు. వాణ్ణి ఏమని కోప్పడను? క్రిస్మస్‌కు వారం ముందు గుడిలో ఇత్తడి కొవ్వొత్తి స్తంభాలను చింతపండుతో తోమే పిల్లల గుంపులో వాణ్ణి కూర్చోబెట్టింది మేమే. రాగి చెంబుకూ రాగి కాణీకీ తేడా ఉంటుందని వాడికి ఎవరు చెప్పారు?

ఆ తేడా ఏమిటో నాకూ అప్పటికి సరిగా తెలియదు. తరువాత చదివి తెలుసుకున్నాను. రాగి మీద ఏర్పడే ముదురు రంగును మనం మురికి అనుకుంటాం. అది బయటి నుంచి వచ్చి అంటుకున్నది కాదు. గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి నాణెం పైపొరే మారిపోతుంది. మొదట క్యూప్రైట్ అనే ఎర్రటి పొర ఏర్పడుతుంది. ఏళ్ళ తరబడి గాలి, తేమ, గాలిలోని గంధకపు అంశాలు, చేతుల జిడ్డు కలిసి దాన్ని గోధుమ రంగుకూ, నలుపుకూ ముదరబెడతాయి. ఆ పొర పలుచనే గాని, కింది లోహాన్ని కాపాడుతుంది. అంటే ఆ వన్నె నాణెం మీద ఉన్న వస్తువు కాదు, అదీ నాణెమే. చింతపండులోని పులుపు దాన్ని కరిగించి నీళ్ళలో కలిపేసినప్పుడు పోయింది మురికి కాదు, నూట ఎనభై ఏళ్ళుగా లోకాన్ని తాకిన చర్మం. దానితో పాటు సింహాల జూలులోని సన్నని గీతలు కూడా కొంత అరిగాయి. అవి ఇక ఏ మందుకూ తిరిగి రావు.

పాతదంతా మంచిదని మాత్రం అనుకోకండి. మన కోస్తా ఊళ్ళలో ఉప్పు గాలి తగిలిన రాగి, కంచు మీద లేత ఆకుపచ్చ పొడి రాలుతూ కనిపిస్తే అది వన్నె కాదు, తెగులు. ఉప్పులోని క్లోరిన్ రాగితో కలిసి లోపల దాగి ఉంటుంది. తేమ తగిలినప్పుడల్లా లేచి లోహాన్ని తింటుంది. దాన్ని తీయించాల్సిందే, తీయించాక పొడి చోట దాచాల్సిందే. మా కాణీలకు ఆ జబ్బు లేదు. వాటికి ఏ వైద్యమూ అవసరం లేకుండా ఉండింది.

ఆ నెలలోనే పని మీద హైదరాబాదు వెళ్ళి, పాత నాణేలు అమ్మే ఒక పెద్దమనిషిని కలిశాను. ఆయన నా మూడు గులాబీ బిళ్ళలను చూసి నవ్వాడు. తన అరలోంచి రెండు నాణేలు తీసి పక్కపక్కన పెట్టాడు. రెండూ 1794 నాటివి. మన ఉత్తర సర్కారుల్లో చెలామణీ కోసం కంపెనీ వారు ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ దగ్గర సోహో టంకశాలలో ముద్రించి ఓడల్లో పంపినవి. రూపాయికి 48 అని వాటి మీదే రాసి ఉంది. ఒకటి వన్నె చెడనిది, మరొకటి తోమినది. తోమినదాని వెల మొదటిదానిలో నాలుగోవంతు కూడా లేదు. “మీవి మళ్ళీ పాతవాటిలా చేయవచ్చు మాస్టారూ, ఎవరికీ తెలియదు” అన్నాడాయన.

పద్ధతి చెప్పాడు. నాణేన్ని స్వేదనజలంలో కడిగి పూర్తిగా ఆరబెట్టాలి. జిడ్డు లేకుండా అసిటోన్‌తో తుడిచి, తరువాత అంచులే పట్టుకోవాలి. గంధకం పొడిని వాజలీన్‌లో కలిపి పలుచగా పూసి, గోరువెచ్చగా ఉంచి, కొద్దిసేపటి తరువాత మెత్తని గుడ్డతో తుడవాలి. ఒక్కసారికి తొందరపడితే నల్లగా మాడి పొరలు లేస్తుంది. పలుచగా నాలుగైదు సార్లు పూస్తే పసుపు, నారింజ, ఊదా రంగులు దాటి గోధుమ రంగులో నిలుస్తుంది. గంధకం లేకపోతే, ఉడికించిన కోడిగుడ్డు పచ్చసొనతో పాటు నాణేన్ని మూత గట్టి డబ్బాలో ఉంచినా రంగు తిరుగుతుందట. గుడ్డులోనూ ఉన్నది గంధకమే కదా.

ఇంటికి వచ్చి ఒక్క సింహాల కాణీకే ఆ వైద్యం చేశాను. ఒక్కదానికే ఎందుకు చేశానో చెప్పాలి. అమ్మ సంవత్సరీకపు పూజకు అక్క వస్తున్నది. తమ్ముడు ముంబయిలో ఉంటాడు. ఫోనులో జరిగింది చెబితే “పోనీలే అన్నయ్యా, చిన్నపిల్లాడు” అని నవ్వేశాడు. అక్క నవ్వదని నాకు తెలుసు. ఎవరికి బాధ లేదో వారికి నిజం చెప్పాను. ఎవరికి బాధ ఉంటుందో వారి కోసం గంధకం కొన్నాను.

పని బాగా కుదిరింది. మూడు రాత్రులు కూర్చున్నాను. చివరి రోజు వేలికి గుడ్డ చుట్టుకుని పైకి లేచిన చోట్ల కొద్దిగా రుద్దాను. అప్పుడు సింహాల వీపులు లేత రంగుకు వచ్చి, మూలలు ముదురుగా మిగిలాయి. నిజంగా చేతులు మారిన నాణెం అలాగే ఉంటుంది. ఆ నేర్పు ఎవరూ చెప్పకుండానే నాకు తోచింది. అందుకు ఆనాడు గర్వపడ్డాను.

పూజ అయిన సాయంత్రం అక్క చేతిలో ఆ కాణీ పెట్టాను. అక్క దాన్ని కళ్ళకద్దుకుంది. నుదుటికి ఆనించుకుంది. “అమ్మ చేతి మరక ఇంకా అలాగే ఉందిరా” అంది. అది మరక కాదు అక్కా అని అనవలసిన క్షణం అదే. నేను కాఫీ తెమ్మని లోపలికి కేక వేశాను.

నేను అబద్ధం చెప్పానా? ఒక్క మాట కూడా అనలేదు. పునీత తోమాసు అక్వీనాసు తన సుమ్మాలో అమ్మకాల గురించి రాస్తూ దాదాపు ఇలాంటి సంగతే విచారించారు. గుర్రానికి ఒక కన్ను లేకపోతే అది కొనేవాడికి కనిపిస్తుంది కాబట్టి, వెల తగ్గించి అమ్మితే చాలు, నోటితో చెప్పనక్కరలేదన్నారు. కనపడని లోపం వల్ల కొనేవాడికి నష్టమో అపాయమో ఉంటే మాత్రం చెప్పి తీరాలన్నారు. అదే చోట రసవాదుల బంగారం మాట కూడా వస్తుంది. రసవాది చేసినది బంగారంలా కనిపించేదే గాని బంగారం కాకపోతే అమ్మడం మోసం. నిజంగా బంగారమే తయారు చేయగలిగితే దాన్ని బంగారమని అమ్మడంలో తప్పు లేదు.

ఈ రెండవ మాట పట్టుకుని నేను చాలా రోజులు నన్ను నేను సమర్థించుకున్నాను. నేను పూసింది రంగు కాదు కదా. గంధకంతో కలిసి మారింది ఆ రాగే. గాలిలో ఉండే గంధకం వందేళ్ళలో చేసే పనిలో కొంత భాగాన్ని నేను మూడు రాత్రుల్లో చేయించాను. వస్తువు దృష్టితో చూస్తే ఆ గోధుమ రంగులో అబద్ధమేమీ లేదు. తోమి పాడైన నాణేనికి మళ్ళీ వన్నె తెప్పించడం తప్పని నేను ఇప్పటికీ అనుకోవడం లేదు. పచ్చిగా మెరిసే రాగి కంటికి ఇంపుగా ఉండదు, వేలు తగిలితే మచ్చ పడుతుంది. దానికి ఒక పొర కావాలి.

అయితే అక్క కళ్ళకద్దుకున్నది రాగిని మాత్రమేనా? ఆమె తాకాననుకున్నది అమ్మ వేళ్ళు తాకిన పొరను. రాగి నిజం, రంగు నిజం, ఆ రంగుకు ఉందనుకున్న వయసు నిజం కాదు. ఆ వయసును ఇచ్చింది నా మౌనం.

ఇది మా ఇంటి సంగతే కాదు. సువార్తలోని పేద విధవరాలు కానుకల పెట్టెలో వేసిన రెండు చిన్న కాసుల వంటివని చెప్పి యెరూషలేము అంగళ్ళలో చిన్న కంచు నాణేలు అమ్ముతుంటారు. వాటిలో ఎక్కువ భాగం క్రీస్తుపూర్వం 103 నుండి 76 వరకు యూదయను ఏలిన అలెగ్జాండర్ యన్నాయుసు కాలపువి. ఒక వైపు లంగరు, మరో వైపు నక్షత్రం ఉంటాయి. అవి ప్రభువు కాలానికీ చెలామణీలో ఉన్నాయంటారు. నాణేలు నిజమైనవే కావచ్చు. కాని కొందరు వ్యాపారులు వాటిని గట్టిగా శుభ్రం చేశాక సన్నని ఇసుకను జిగురుతో పల్లపు చోట్ల అంటిస్తారు. ఎడారి వన్నె అని దానికొక పేరు. లంగరు స్పష్టంగా కనపడుతుంది, వెల పెరుగుతుంది. పుణ్యక్షేత్రాలు చూసివచ్చిన వారు తెచ్చుకుంటే తెచ్చుకోండి గాని, కొనేటప్పుడు ఈ మాట అడగండి. ఏమి చేశారో చెప్పి అమ్మేవాడు వ్యాపారి. అడిగినా చెప్పనివాడిని ఏమనాలో మీకు తెలుసు.

బాగుచేసిన సంగతి దాచకుండా బాగుచేయడం కుదరదా? కుదురుతుంది. 1966 నవంబరు 4న ఇటలీలో ఆర్నో నది పొంగి ఫ్లోరెన్స్ నగరాన్ని ముంచింది. సాంతా క్రోచే దేవాలయంలో చిమబూయె చిత్రించిన పెద్ద కొయ్య సిలువ ఆ బురదనీటిలో మునిగిపోయి, మీది రంగు సగానికి పైగా రాలిపోయింది. పాత ఛాయాచిత్రాలు ఉన్నాయి. వాటిని చూసి ప్రభువు ముఖంలో పోయిన భాగాన్ని మళ్ళీ వేయగల చిత్రకారులు ఆ దేశంలో లేకపోలేదు. కాని వారు అలా వేయలేదు. రాలిన చోట్ల చుట్టూ ఉన్న రంగులను తీసుకుని సన్నని గీతలు ఒకదాని మీద ఒకటి అడ్డంగా గీశారు. దూరం నుంచి చూస్తే కంటికి గాయం గుచ్చుకోదు. దగ్గరికి వెళితే ఇది చిమబూయె చేయి కాదు, ఇక్కడ పోయింది అని తెలిసిపోతుంది. పదేళ్ళు పట్టిందా పని. అలాంటి సిలువ ముందు మోకరిల్లితే భక్తికి లోటు వస్తుందని నేననుకోను.

ఆ సిలువ సంగతి చదివిన రాత్రి నా మూడు రాత్రుల పని గుర్తొచ్చింది. వాళ్ళు తమ గీతలు కనపడాలని కష్టపడ్డారు. నేను నా వేలి గుర్తు కనపడకూడదని సింహాల వీపులు రుద్దాను.

ఇంకొక వాదన ఉంది, అది తేలిగ్గా తీసివేయదగినది కాదు. అక్క కొనుగోలుదారు కాదు, ఆమెకు నష్టమేమీ లేదు. డెబ్బై దాటిన మనిషికి ఆ కాణీ ఒక ఓదార్పు. ఇప్పుడు వెళ్ళి నిజం చెబితే లాభం ఎవరికి? నా మనసులోని బరువు దింపుకోవడానికి ఆమె చేతిలోని ఓదార్పును లాక్కోవడం కాదా? పాపసంకీర్తన చేసుకునేటప్పుడు కూడా ఇతరులను బాధపెట్టి మనం తేలికపడకూడదు కదా. ఈ మాట నన్ను చాలా నెలలు ఆపింది. న్యాయంగా ఆపిందా, పిరికితనానికి సాకు దొరికిందా అంటే, సగం సగం అని చెప్పాలి.

ఈలోగా నా కాణీని, 1862 రాణిని, ఏ మందూ పూయకుండా కిటికీ గట్టు మీద తెల్లకాగితం వేసి పెట్టాను. వారానికొకసారి తిరగేసేవాణ్ణి. ఎండాకాలమంతా పెద్దగా మార్పు లేదు. వానలు పడ్డాక గులాబీ పోయి తేనెరంగు వచ్చింది. దసరా సెలవులకు ఇటుకరంగైంది. ఒక ఉదయం చూస్తే రాణి చెంప మీద సన్నని వలయాలుగా ఒక ముదురు గుర్తు తేలింది. వేలిముద్ర. తోమిన నాడు మా మనవడు చెమట చేత్తో పట్టుకున్న చోటది. చేతి చెమటలోని ఉప్పు పచ్చి రాగిని కొరుకుతుంది. ఆ గుర్తు అప్పుడు కనపడదు, వన్నె తిరిగేటప్పుడు బయటపడుతుంది. ఇక అది పోదు. వాడికి చూపిస్తే మొదట భయపడ్డాడు, తరువాత తన బొటనవేలు దాని పక్కన పెట్టి కొలుచుకున్నాడు. అప్పటికే వేలు కొంచెం పెద్దదైంది. ఆ నాణేన్ని ఏ వ్యాపారీ ఇప్పుడు కొనడు. నేను అమ్మబోవడమూ లేదు.

2018 లెంతుకాలంలో అక్క ఊరికి వెళ్ళాను. భోజనాలయ్యాక వరండాలో కూర్చున్నప్పుడు మొత్తం చెప్పాను. చింతపండు, హైదరాబాదు, గంధకం, వేలికి గుడ్డ చుట్టుకుని రుద్దడం, కాఫీ తెమ్మని వేసిన కేక, అన్నీ. అక్క ఏమీ అనకుండా లోపలికి వెళ్ళింది. చాలాసేపు రాలేదు. తిరిగి వచ్చినప్పుడు చేతిలో ఒక డబ్బా ఉంది. అందులో పట్టుగుడ్డ, గుడ్డలో దూది, దూదిలో కాణీ.

“అప్పుడు బొప్పి మీద పెట్టింది ఈ కాణీయేనా, ఇది కూడా మార్చావా?” అని అడిగింది.

“కాణీ అదే అక్కా. రంగు ఒక్కటే నాది.”

“నీ మొహం. సంవత్సరం పైనుంచి నేను దీన్ని ముట్టుకోలేదు తెలుసా? అమ్మ మరక నా చేతికి అంటుకుపోతుందేమో, అరిగిపోతుందేమో అని ఇలా దాచి కూర్చున్నాను. ఆ రోజే చెప్పి ఉంటే హాయిగా పట్టుకునేదాన్ని కదరా.”

దూదిలోంచి కాణీని తీసింది. చీర కొంగుతో ఒకసారి తుడిచింది. మా కోడలు టీ తెచ్చేదాకా, టీ తాగుతున్నంత సేపూ, తమ్ముడి పిల్లల సంగతులు అడుగుతూ దాన్ని వేళ్ళ మధ్య తిప్పుతూనే ఉంది.